గుమ్మడి తీగ కింద ఎర్రపెట్ట

ఈ పొద్దున అనంతపురంలో పక్కింటివాళ్లు మిద్దె మీది గుమ్మడి తీగకు నీళ్లు పోస్తుంటే, తడిసిన ఆకుల వాసన మా ఇంట్లోకి వచ్చింది. మా అవ్వ గుర్తుకొచ్చింది.

నా చిన్నప్పుడు, వానలు పడని ఏడాది అది. నీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది. పెరట్లో వంగ, బెండ ఎండిపోయాయి. మా ఎర్ర కోడిపెట్ట కనబడకుండా పోయింది. కుక్కలు ఎత్తుకుపోయాయని నేను ఏడ్చాను. అవ్వ మాత్రం మేము స్నానం చేసిన నీళ్లు పట్టి, రోజూ గుమ్మడి తీగకే పోసేది.

"ఏమ్మా, పూత కూడా లేని తీగకు నీళ్లెందుకు పోస్తాండావు? పీకేయరాదా?" అని నాయన విసుక్కున్నాడు.

"నీడన్నా ఉండాది కదరా, ఉండనీ" అంది అవ్వ.

కొన్నాళ్లకు ఆ ఆకుల కింది నుంచి ఎర్రపెట్ట బయటికొచ్చింది. దాని వెనకాలే తొమ్మిది పిల్లలు! అది అక్కడ పొదుగుతున్న సంగతి అవ్వకు ముందే తెలుసు. చెబితే గుడ్లు తీసి వండుకుంటామని ఎవరికీ చెప్పలేదట.

మరుసటి రోజు నాయన తన స్నానం నీళ్లు తానే మోసుకెళ్లి తీగకు పోశాడు.

కోడిపిల్లను చేతుల్లోకి తీసుకున్నప్పటి ఆ వెచ్చదనం మీకూ గుర్తుందా? "గట్టిగా పట్టుకోవాకు నాయనా" అంటూ అవ్వ నా రెండు చేతుల్లో ఒకదాన్ని పెట్టిన ఆ మధ్యాహ్నం, ఒక్కసారి మళ్లీ దొరికితే చాలు.