పెద్దమ్మా, ఆ బియ్యం ఎప్పుడు నానబోశావు?

నిన్న పొద్దున పిల్లాడికి ఇడ్లీ తినిపిస్తుంటే అమ్మ ఫోన్.

"అక్క పోయిందే" అంది.

"అదేంటి, ఆదివారం మాట్లాడాను కదా" అన్నాను. ఆదివారం మాట్లాడిన మనిషి ఆ వారంలో పోకూడదన్నట్టు.

మా పెద్దమ్మ. అమ్మకి సొంత అక్క. ప్రగతి నగర్‌లో తన ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయింది. అందరూ అదృష్టవంతురాలు అంటున్నారు. కావచ్చు.

నాకైతే ఏమనుకోవాలో తెలియడం లేదు. ఆమె నాకొక జవాబు చెప్పాల్సి ఉంది.

మీలో చాలామందికి తెలుసు, నలభై దాటాక పుట్టాడు మావాడు. పదిహేడు నెలలు వచ్చినా నడవడం లేదు. పారాడనూ లేదు. కూర్చునే, పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరుగుతాడు.

డాక్టర్ కాళ్లూ నడుమూ అన్నీ చూశారు. "ఇలా జరిగే పిల్లలు కొంచెం లేటుగానే నడుస్తారు. కొన్ని ఇళ్లలో అది వంశంలోనే ఉంటుంది. మీరెప్పుడు నడిచారు?" అని అడిగారు. పద్దెనిమిది నిండాక మళ్లీ తీసుకురమ్మన్నారు. అప్పటికీ నడవకపోతే టెస్టులు.

నేనెప్పుడు నడిచాను? చిన్న ప్రశ్నే. మా ఇంట్లో దానికి జవాబు లేదు.

డెబ్బైల చివర్లో నాన్న, పెదనాన్న శేరిలింగంపల్లి దగ్గర ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు కిరాయికి తీసుకున్నారు. షాబాద్ బండల నేల. ఆ బండల మీద నేనూ మావాడిలాగే జరిగేదాన్నట.

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగేస్తే అరిసెలు. మనవాళ్ల లెక్క ఇదే కదా. నా అరిసెలు ఎంతకీ రాలేదు.

తెనాలి వైపు నుంచి నాయనమ్మ వచ్చింది. మోకాళ్ల కింద వాత పెడితే కాళ్లొస్తాయంది. కాల్చిన కడ్డీతో. మనిషినీ మాట్లాడేసింది. తల్లి మాటకి నాన్న ఎదురు చెప్పలేదు. అమ్మ ఏడ్చింది.

వాతలు పెట్టేవాడు వచ్చే ముందురోజు మధ్యాహ్నం. నాయనమ్మ నిద్రలో ఉంది. అమ్మ నీళ్లకి వెళ్లి బిందెతో తిరిగొచ్చేసరికి వసారాలో పెద్దమ్మ కేకలు.

"అడుగేసిందే! నా కళ్లతో చూశాను!"

నేను మాత్రం బండ మీద కూర్చునే ఉన్నానట.

దీపాలవేళకి వీధంతా అరిసెలు. నాయనమ్మ కూడా తింది. వాత పెట్టేవాణ్ణి రావద్దని కబురు పంపింది.

ఇది అమ్మ చెప్పే కథ. చివర ఎప్పుడూ ఒకటే మాట: "అక్క అబద్ధమాడింది. నువ్వు నడవలేదు."

పెద్దమ్మ కథలో నేను నడిచాను.

ఇంటి ఓనరు సత్తెమ్మగారు రోజూ అడిగేదట. "ఏందమ్మా, పిల్ల నడిసిందంటివి, అరిసెలు పంచితివి. గిట్లనే కూసున్నదేంది ఇంకా?"

"మీరు దిష్టి పెట్టారండి" అనేదట పెద్దమ్మ.

ఎవరైనా వస్తే అమ్మ నన్ను గబుక్కున చంకనేసుకునేది. పెద్దమ్మ దింపేసేది. గోడ పొడుగునా పీటలు, డబ్బాలు, బోర్లించిన గంగాళం వరసగా పెట్టేది. వాటిమీద అరిసె ముక్కలు. చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఒప్పుకునేది కాదు. "దాని బరువు దాన్నే మొయ్యనివ్వవే" అనేది.

ఆ పీటలు పట్టుకుని ఎప్పుడో నడిచాను. అది ఏ రోజో ఎవరికీ గుర్తులేదు. అరిసెలు అయిపోయాయి కదా, ఇంకెవరు చూస్తారు?

ఈ మధ్యే నాకొకటి తట్టింది. అరిసెలకి తడిబియ్యం కావాలి. ముందురోజే నానబోయాలి. మధ్యాహ్నం అడుగేస్తే దీపాలవేళకి అరిసెలెలా వచ్చాయి?

మొన్న ఆదివారం అడిగేశాను.

"పెద్దమ్మా, డాక్టర్ అడుగుతున్నారు. నిజంగా నడిచానా ఆ రోజు?"

"నడవకపోతే అరిసెలెందుకు చేస్తానే?"

"మరి బియ్యం ముందే ఎందుకు నానబోశావు?"

అటువైపు నవ్వు. ఆగకుండా.

"అబ్బో, లాయరమ్మ! వచ్చే ఆదివారం వాణ్ణి తీసుకురా, చెప్తాను. అసలు వాణ్ణి చంక దిగనిస్తున్నావా?"

వచ్చే ఆదివారం ఇంకా రాలేదు.

నిన్న పెద్దమ్మని చివరిసారి చూడ్డానికి బయల్దేరితే, పిల్లాణ్ణి తేవద్దన్నారు. అయినా తీసుకెళ్లాను. నన్ను రమ్మన్నది వాడితోనే కదా. ఎత్తుకునే నిలబడ్డాను. తర్వాత ఎందుకో నేలమీదికి దింపాను.

కూరలు తరుగుతూ పెద్దమ్మ కూర్చునే పీట గోడవార ఉంది. జరుగుతూ వెళ్లి దాన్ని పట్టుకుని లేచాడు. నేను పెద్దమ్మ ముఖం చూస్తున్నాను.

"అడుగేశాడు!"

అమ్మ. అంతమంది ఏడుస్తున్న గదిలో.

తిరిగి చూస్తే వాడు కూలబడి ఉన్నాడు. పీటకి కొంచెం దూరంలో. అడుగేశాడో, తూలాడో.

"అక్కా, మనవడు అడుగేశాడే" అంటోంది అమ్మ, వాళ్లక్కతో.

అప్పటిదాకా అమ్మ ముఖం మీద కొంగు ఉంది. నేను చూశాను. మరి అమ్మ ఎలా చూసింది?

అడగలేదు. అడగాలో వద్దో ఇప్పటికీ తెలియడం లేదు. ఈ పొద్దున ఇంట్లో వాడు మళ్లీ జరుగుతూనే ఉన్నాడు. డాక్టర్‌కి ఏం చెప్పాలి?

ఇందాక అమ్మ ఫోన్ చేసింది. గొంతు పూర్తిగా పోయింది.

"మైల తీరాక బియ్యం నానబోస్తాను" అంది.

సరేనన్నాను. సోఫాలు, స్టూళ్లు గోడవారకి వరసగా జరిపాను.

పెద్దమ్మా, ఇక నిన్నెవరూ ఏమీ అడగరు. హాయిగా నిద్రపో. నువ్వున్నచోట చల్లగా ఉండాలి.