గుండె పరీక్షకు ఉపవాసమున్న హెబ్రోను మామ

జువ్వలదిన్నె హార్బర్‌లో చేపల పెట్టెలకు ఐసు దిమ్మలు పగలగొట్టే హెబ్రోను మామకు ఒక గొప్ప ఉంది. చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఒక్కటి కూడా తప్పలేదు. మాది పక్కిల్లే. ఆకలేస్తే ఆయన మొహం ఎంత పరిశుద్ధంగా ఉంటుందో అత్తకూ నాకూ తెలుసు.

ఒకరోజు పెట్టె ఎత్తుతుంటే ఛాతీ పట్టేసింది. నెల్లూరు ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేయాలన్నారు. మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, ఎక్కడ మూసుకుపోయిందో చూస్తారట. షుగరు కూడా బాగా పెరిగిందని ఇన్సులిన్ మొదలుపెట్టారు.

పరీక్షకు ముందురోజు నర్సు మెహక్ ఫోన్ చేసింది.

"రాత్రి భోంచేశాక ఇంకేమీ తినొద్దు పెద్దాయనా. ఇంకా కొన్ని అడగాలి..."

"ఉపవాసం గురించి నాకా చెప్పేది అమ్మా? వారం వారం ఉండేవాణ్ణి," అని మామ ఫోన్ పెట్టేశాడు.

పొద్దున్నే కరుణాకుమారత్త ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసింది. మామ ఖాళీ కడుపుతో మాతో కారెక్కాడు.

వార్డులో చర్చి ఆడవాళ్లు మంచం చుట్టూ చేరి ప్రార్థన మొదలుపెట్టారు. మామకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. ఏదేదో గొణుగుతున్నాడు.

"ఆత్మ తాకింది మే," అంది అబిగయీలక్క. ప్రార్థన ఇంకా పెద్దదైంది.

సూదికి భయపడి నాటకమాడుతున్నాడనుకున్నాను. "లే మామా, నీ యాక్షన్ చాల్లే," అన్నాను.

ఆయన నా వైపు చూసి, "సమాధానం, పడవ తియ్యి రా," అన్నాడు. సమాధానం ఆయన తమ్ముడు. చచ్చిపోయి చాలా ఏళ్లయింది.

నేను మెహక్ కోసం పరుగెత్తాను.

"పొద్దున ఇన్సులిన్ వేశారా?" వస్తూనే అడిగింది.

"వేసినా. వద్దని ఎవురూ చెప్పలేదే," అంది అత్త.

వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై రెండుకు పడిపోయింది. చేతికి గ్లూకోజు ఎక్కించారు. ప్రార్థన ఆగిపోయింది. మామ కళ్లు మూతలు పడుతుంటే అత్త ఆయన చెంప తడుతూనే ఉంది.

కాసేపటికి, "కొట్టింది చాల్లే మే," అన్నాడు.

మెహక్ మళ్లీ మొదటినుంచీ అడిగింది. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా? కిడ్నీ జబ్బుందా? ఇంతకుముందు ఏ మందైనా పడలేదా?

ఈసారి మామ అన్నీ చెప్పాడు. "ఒకసారి స్కానింగులో రంగు మందు ఎక్కిస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచినాయి."

"ఈ పరీక్షలో ఎక్కించేదీ అలాంటి మందే. ముందే ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను అడగనిచ్చినానా అమ్మా?"

దద్దుర్లు రాకుండా మందులిచ్చి, పరీక్ష మర్నాటికి పెట్టారు. ఇన్సులిన్ ఎంత వేయాలో ఈసారి డాక్టరే చెప్పాడు. మామను లోపలికి తీసుకెళ్లాక, అత్త తలుపు మీంచి చూపు తిప్పలేదు.

మణికట్టుకు బిగుతుగా కట్టుతో బయటికొచ్చాడు.

"మెలకువగానే ఉన్యా. ఒకటే అడ్డం ఉన్నిందంట, తెరిచినారు. నీళ్లు బాగా తాగమన్నారు."

అత్త సీసా మూత తీసి ఆయన నోటికి పెట్టింది. తాగేదాకా కదలకుండా పట్టుకుంది. తాగాక మూత పెట్టి, ఈ రాత్రి ఇన్సులిన్ వేయాలా వద్దా అని అడగడానికి మెహక్ దగ్గరికి వెళ్లింది.