బస్సెక్కని అమ్మాయి

నేను అమెరికాలో కోచింగ్ చేస్తానంటే మనవాళ్లు ముందుగా అడిగేది "ఏ సబ్జెక్టమ్మా?" అని. బాస్కెట్‌బాల్ అని చెప్తే కాసేపు నా మొహం చూసి, "అది సరే, ఉద్యోగం ఏం చేస్తావు?" అంటారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత్తర్వాత "మాథ్స్ ఆంటీ" అనేసి, ప్లేట్లో ఇంకో సమోసా వేసుకుని పక్కకి తప్పుకోవడం అలవాటు చేసుకున్నాను.

బెంటన్‌విల్ నుంచి కారులో గంటన్నర పోతే వచ్చే చిన్న ఊళ్లో ఒక చిన్న కాలేజీ. అక్కడ అమ్మాయిల టీమ్‌కి నేను అసిస్టెంట్ కోచ్‌ని. మన దగ్గర యూనివర్సిటీ టీమ్‌లో ఆడి, మాస్టర్స్‌కని ఇక్కడికొచ్చి, చదువుకుంటూ ఈ టీమ్‌కి వీడియోలు కట్ చేసి పెడుతూ, ఆఖరికి ఆ బెంచీ మీదే సెటిలైపోయాను. అసిస్టెంట్ కోచ్ అంటే అన్నీ చేసే మనిషి. అవతలి టీమ్ ఆటలు కళ్లు వాచేదాకా చూడాలి. జెర్సీలు ఉతికించాలి. బాయ్‌ఫ్రెండ్ మెసేజ్ పెట్టలేదని ఏడ్చే పిల్ల పక్కన కూర్చోవాలి. బస్సు కదిలే ముందు అందరూ ఎక్కారో లేదో లెక్క చూసుకోవాలి.

మా హెడ్ కోచ్ అరవై దాటిన తెల్లావిడ. పెళ్లి చేసుకోలేదు. ఆవిడకి ఇల్లూ వాకిలీ అన్నీ ఆ జిమ్మే. నేను చేరిన రోజే నన్ను తన గదిలోకి పిలిచి ఒక మాట చెప్పింది. ఆవిడ చెప్పింది ఇంగ్లీషులోనే, నాకు మాత్రం ఇప్పుడు తెలుగులోనే వినిపిస్తుంది. "అమ్మాయిల ముందు నేనేమన్నా అవునను. ఈ గదిలో తలుపేశాక కాదను. ఈ గదిలో కూడా అవునంటే నువ్వు నాకక్కర్లేదు."

నాకు నోరెక్కువని ఇంట్లో పేరు. ఆ నోటికి జీవితంలో మొదటిసారి గౌరవం దొరికింది ఆ గదిలోనే. తలుపు పడగానే ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. ఒకసారి, ఆటలో ఎవరు ఎటు పరిగెత్తాలో ఆవిడ బోర్డు మీద గీసిన ప్లే చెత్తగా ఉందని నేనన్నానని మార్కర్ తీసి గోడకేసి కొట్టింది. మర్నాడు ప్రాక్టీసులో నేను చెప్పినట్టే ఆడించింది, అదేదో తనకే తట్టినట్టు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం వేరే ఊళ్లో ఆడి తిరిగొస్తున్నాం. హైవే అంతా మంచు. గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగితే పిల్లలు చిప్సూ అవీ కొనుక్కుని ఎక్కారు. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టి, "అందరూ ఎక్కారు కోచ్" అన్నాను.

ముందు సీట్లో ఉన్న ఆవిడ వెనక్కి తిరిగి సీట్ల వెంట మెల్లగా చూసింది. "ఇంకొకరు రావాలి" అంది.

మళ్లీ లెక్కపెట్టాను. సరిపోయింది. "ఎవరు కోచ్?"

"ఎడమచేతి అమ్మాయి."

మా టీమ్‌లో ఎడమచేతి వాటం వాళ్లెవరూ లేరు. చిప్స్ నములుతున్న పిల్ల నమలడం ఆపేసింది. "చూసొస్తాను" అని దిగాను.

లేని మనిషిని వెతకాల్సిన పని మీకెప్పుడైనా పడిందో లేదో. షాపులో కుర్రాడు కౌంటర్ వెనక ఫోన్ చూసుకుంటున్నాడు. తిన్నగా లేడీస్ బాత్రూమ్‌లోకి వెళ్లాను. ఎవరూ లేరని తెలుసు. అయినా ఒక్కో తలుపూ నెట్టి చూశాను. ఆఖరి తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. లోపల ఎవరూ ఉండరని కాదు, ఉంటే ఏం చెయ్యాలో తెలీదు కాబట్టి. నెట్టాను. ఖాళీ. కొళాయి ఒకటి కారుతోంది, కట్టేసి వచ్చాను.

బయటికొచ్చేసరికి బస్సు అద్దాల్లోంచి పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. నన్ను అనుకున్నాను గానీ, కొందరి చూపులు నా పక్కనున్నాయి.

"వచ్చిందా?" అంది కోచ్.

అమ్మాయిలందరూ వింటున్నారు. "వచ్చింది కోచ్. ఎక్కింది" అన్నాను.

ఆవిడ తలూపి ముందుకి తిరిగింది. బస్సు కదిలింది. నేను నా సీటుకి వెళ్తుంటే, వెనక కూర్చున్న పిల్ల ఒకతి పక్క సీట్లోంచి తన బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎందుకని అడగలేదు.

మర్నాడు కాదని చెప్పేద్దామనే గదిలోకి వెళ్లాను. ఆవిడే లేచి తలుపేసింది. కూర్చుని, "చెప్పాల్సిందేమైనా ఉందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు తనే నిన్నటి ఆట మొత్తం, ఎవరు ఎక్కడ తప్పు చేశారో, ఒక్క అడుగు కూడా మర్చిపోకుండా చెప్పుకుపోయింది. అంత చురుగ్గా ఉన్న మనిషితో ఏమని చెప్తాం? అలిసిపోయి ఏదో అనుంటుందిలే అనుకున్నాను. "లేదు కోచ్" అన్నాను.

అక్కడినుంచి ఆ పిల్ల మాతోనే ఉంది.

"ఎడమచేతి అమ్మాయి మోకాలెలా ఉంది?" అని కారిడార్లో నడుస్తూ అడిగేది ఆవిడ. చుట్టూ పిల్లలుండేవాళ్లు. "పర్లేదు కోచ్" అనేదాన్ని. సరిగ్గా తింటోందా, ఇంటికి ఫోన్ చేస్తోందా అనేది. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ పిల్లకి గుడ్డు పడదని చెప్పాను. చలికి తట్టుకోలేదని, ఇంటి దగ్గర తమ్ముడున్నాడని చెప్పాను. అవన్నీ నావే. మరొకరివి ఎక్కడినుంచి తేను?

పిల్లలు మొదట్లో మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి ఆ నవ్వులు పోయాయి. ఒకరోజు ప్రాక్టీసులో, బంతి నడిపించి అందరికీ అందించే మా గార్డు పిల్ల పరుగున వచ్చి కోర్టు ఎడమ మూలకి పాస్ విసిరింది. అక్కడ ఎవరూ లేరు. బంతి గోడకి తగిలి దొర్లుకుంటూ వచ్చింది. విసిల్ వేసి చడామడా తిట్టాను. "సారీ కోచ్, అక్కడ ఉందనుకున్నాను" అంది ఆ పిల్ల, చేతులు రుద్దుకుంటూ. ఎవరున్నారనుకుందో నేనడగలేదు, తను చెప్పలేదు. ఆ మాట విన్నవాళ్లెవరూ నవ్వలేదు.

జిమ్ బయట కారిడార్లో పాత టీమ్‌ల ఫొటోలుంటాయి. ఒక మధ్యాహ్నం వాటి ముందు నిలబడి ఒక్కో మొహమే చూశాను. ఫొటోలో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిది ఏ చేతి వాటమో ఎలా తెలుస్తుంది? ఎవరినైనా అడగొచ్చు. అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెప్పిన రోజున కాలేజీ వాళ్లు ఆవిడ చేతిలో ఒక పూలగుత్తి, ఒక షీల్డు పెట్టి ఇంటికి పంపేస్తారు. ఆవిడకి ఆ జిమ్ తప్ప వేరే ఇల్లు లేదు. ఆ మాట నా నోట రావడం నాకిష్టం లేదు.

సీజన్ ఆఖరి ఆట మా జిమ్‌లోనే, ఆదివారం మధ్యాహ్నం. మా పైఫ్లాట్ అబ్బాయి వాళ్లమ్మగారు కొడుకు దగ్గర ఉండడానికి వచ్చి, టీవీ చూసీ చూసీ విసిగిపోతే, ఆవిణ్ణి ఆటలకి తీసుకొచ్చేదాన్ని. చీర మీద చలికోటు, కాళ్లకి స్పోర్ట్స్ షూ. మా బెంచీ వెనకే కూర్చుని, మా పిల్లలు పడితే "అయ్యో తల్లీ" అనేది.

ఆట ఆఖరి క్షణాల్లోకి వచ్చింది. మేం ఒక్క పాయింటు వెనక. కోచ్ టైమౌట్ తీసుకుంది. పిల్లలు చుట్టూ మూగారు. ఆవిడ బోర్డు మీద గీసిన ప్లే చూసి నాకు కళ్లు చెమర్చాయి. అంత అందంగా గీసింది. కోర్టులో ఆడే ఐదుగురికి ఐదు సున్నాలు. నలుగురు పిల్లల్ని ఒక్కొక్కళ్లనే చూస్తూ ఎవరి సున్నా ఏదో చూపించింది. ఐదోది ఎడమ మూలలో ఉంది. దానిమీద వేలితో తట్టి, ఇద్దరు పిల్లల మధ్య ఖాళీలోకి చూసి, "నువ్వు" అంది.

పిల్లలందరూ నావైపు చూశారు. టైమౌట్ అయిపోయినట్టు బజర్ మోగింది.

నలుగురే వెళ్లారు. ఐదో మనిషిగా వెళ్లాల్సిన మా పొడుగు పిల్ల తువ్వాలు పట్టుకుని మెల్లగా బెంచీ మీద కూర్చుండిపోయింది. వెళ్లిన నలుగురూ ఎడమ మూలని వదిలేసి, ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. నాకు భయమేసింది. తప్పు జరుగుతున్నట్టు వాళ్ల మొహాల్లో ఎక్కడా లేదు.

వెనకనుంచి ఆ అమ్మగారు, "అదేంటమ్మా, నలుగురే వెళ్లారు? ఇంకో పిల్లేదీ?" అంది. ఆ మాట అర్థమైంది జిమ్ మొత్తంలో నాకొక్కదానికే.

ఆట నడుస్తుండగా మా దగ్గర నిలబడేది హెడ్ కోచ్ ఒక్కరే, అసిస్టెంట్లు కూర్చునుండాలి. రిఫరీ బంతి అందించేశాడు. నేను లేచి నిలబడ్డాను. "వెళ్లు!" అని పొడుగు పిల్లని నెట్టాను. అప్పటికే మా గార్డు పాస్ ఎడమ మూలకి విసిరేసింది. "కోచ్, అక్కడ ఎవరూ లేరు!" అని అందరూ వినేలా అరిచాను. పొడుగు పిల్ల ఇంకా గీత దాటలేదు. బంతి ఆ మూలలో ఒకసారి ఎగిరి బయటికి పోయింది.

ఆట ఓడిపోయాం. కోచ్ ఆ మూలకేసి చూస్తూ వచ్చి బెంచీ మీద నా చోట్లో కూర్చుంది.

జనం వెళ్లిపోయాక గదిలోకి పిలిచి తలుపేసింది. అందరి ముందూ కాదన్నానని తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ రోజు బస్సులోంచి నాకా పిల్ల షాపు బయట నిలబడి కనిపించింది" అంది. "ఎన్నాళ్లుగానో కనిపిస్తోంది. ఉందో లేదో నాకు తెలీలేదు. లెక్కపెట్టేది నువ్వు. లేకపోతే లేదని చెప్తావనే అడిగాను."

"పిల్లలందరూ వింటున్నారు కోచ్..."

"మర్నాడు తలుపేశాను కదా? చెప్పాల్సిందేమైనా ఉందా అని అడిగాను కదా? ఆ తర్వాత ఎన్నిసార్లు వేశాను ఈ తలుపు!" ఆవిడ గొంతులో కోపం లేదు. "డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. నువ్వు ఆ పిల్లకి గుడ్డు పడదన్నావు. క్యాన్సిల్ చేసేశాను."

గోడకానుకుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, వద్దనలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగింది.

"ఇప్పుడు చెప్పు. ఈ గదిలో ఎంతమందిమి ఉన్నాం?"

"ఇద్దరం కోచ్."

"సరిగ్గా చూసి చెప్పు."

చూశాను. "ఇద్దరమే" అన్నాను.

ఆవిడ నా పక్కనున్న ఖాళీ కుర్చీని చాలాసేపు చూసింది. "అయితే ఆ కుర్చీ బయట పెట్టెయ్" అంది. "నా చేత కాదు."

మామూలు ప్లాస్టిక్ కుర్చీ. తేలిగ్గానే ఉంది. తలుపు ఇరుకు, కాస్త పక్కకి వంచితే సులువుగా బయటికి వచ్చేసేది. వంచలేకపోయాను. రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, మెల్లగా తీసుకెళ్లి కారిడార్లో దింపాను.