ఇంకా కడగని ఫోటో

మా ఆడబిడ్డ పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయింది. కర్మ భోజనాలకు వచ్చి విస్తరి ముందు కూర్చున్న మీలో చాలామంది నాతో ఒకటే మాట అన్నారు. "మంచి మనిషే గానీ మహా నిదానం. కల్యాణం ఫోటోలు చేతికిచ్చే లోపల పిల్ల పుట్టి నడిచేది" అని. పోయినవాళ్ల గురించి మంచిమాటే చెప్పాలంటారు గనుక మీరు చెప్పింది మంచిమాటే అనుకుందాం. కానీ తప్పు మాట. ఆమె ఏ పనీ నిదానంగా చేసిన మనిషి కాదు. చావు కూడా చూశారు గదా. ఫోటోలు ఆలస్యం కావడానికి కారణం వేరే ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్లు, అరవం బడుల్లో చదివి తెలుగు మాట్లాడటం మాత్రమే వచ్చిన మీ ఇంటివాళ్లకు కాస్త చదివి వినిపించండి.

ఆడబిడ్డ అంటే నా భర్తకు చెల్లెలు. చిన్నమనూరులో ఆమె భర్తకు స్టూడియో ఉండేది. ఫిలిం రోజుల్లో ఆయన ఫోటోలు తీస్తే ఈమె చీకటి గదిలో కూర్చుని కడిగేది. డిజిటల్ కెమెరా కొన్న కొత్తలోనే ఆయన పోయాడు. దానితో వచ్చిన పుస్తకం మడత కూడా విప్పలేదు. ఈమె విప్పింది. నేను బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కాబట్టి చదివి అర్థం చెప్పే పని నాకు పడింది. ఫోటోను ఏ రకంగా దాచుకోవాలో రాసిన పేజీ దగ్గర రెండు మాటలు ఉన్నాయి. ఒకటి జేపెగ్, ఇంకోటి రా.

"రా అంటే ఏంది వదినే?"

"పచ్చిది అని."

"పచ్చిదంటే? కాయగూరలా?"

"అట్లాగే రాసినాడు. జేపెగ్ అయితే కెమెరానే అంతా సరిచేసి ఇస్తుందంట."

"అయితే వండిందే ఇయ్యమను. నాకు ఇంట్లో వంట చాలదా?"

అట్లా మొదట జేపెగ్ ఎంచుకుంది. దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు, మన ఆకుగుడిసె వచ్చేదాకా. తెలియనివాళ్లకు చెబుతాను. మా వాళ్ల పెళ్లిళ్లలో పిల్లనూ పిల్లవాడినీ చెరొక ఆకుగుడిసెలో కూర్చోబెడతారు. కానుగ కొమ్మలు దట్టంగా కట్టి వేస్తారు. మిట్టమధ్యాహ్నం ఆ ఆకుల్లోంచి దిగే వెలుతురంతా పచ్చగా ఉంటుంది. మన కంటికి అది తెలియదు, కన్ను సర్దుకుంటుంది. కెమెరాకు మన ఆచారాలు తెలియవు. అట్లాంటి ఒక పెళ్లి ఆల్బం చేతికి వచ్చిన రోజు పిల్లవాడి తల్లి స్టూడియోకు వచ్చి, అందరూ వినేటట్టు అడిగింది. "మా ఇంటికొచ్చింది పెండ్లిపొణ్ణా, పచ్చిమిరపకాయా?"

ఆడబిడ్డ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పచ్చదనం తీయబోయింది. పచ్చ తగ్గిస్తే పెదవులు నేరేడు పండ్లయ్యాయి. అవి సరిచేస్తే మెడలో బంగారం ఇనుపముక్క అయింది. "మిగిలిన రంగులన్నీ కెమెరా అప్పుడే పారేసింది వదినే. ఉండేదాన్నే గీకుతాండా. ఆ పచ్చిదాని గురించి ఏమని ఉండాది? మళ్లా చదువు" అంది. చదివాను. కెమెరా లోపలికి పోయిన వెలుతురునంతా ఏమీ పారేయకుండా ఉంచుతుంది, రంగులు తరువాత మనమే తేల్చుకోవాలి, ఫైలు మాత్రం పెద్దది, తేల్చేదాకా ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు అని ఉంది. ఆమె, "ఇది పచ్చిది గాదు. కడగని ఫిలిం. ఇంగ్లీషోడికి చెప్పడం రాలే" అంది. ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పిన నాకు కూడా రాలేదు. ఆ మాట ఆమె నోటితో అనలేదు, చూపుతో అంది.

మీ ఫోటోలు ఆలస్యం కావడానికి కారణం అదీ. రా ఫైలు తెరిస్తే మొదట చప్పగా, వానకాలం పగటిలాగా ఉంటుంది. ఒక్కొక్కదాన్నే ముందు పెట్టుకుని, పిల్లవాడి వేష్టి తెలుపు ఎంత, మెడ నలుపు ఎంత, పసుపు ఎంత అని కడుక్కుంటూ పోవాలి. ఎవరైనా తొందరపెడితే ఆమె ఒకటే చెప్పేది. "జేపెగ్ అంటే కెమెరా చెప్పే మాట. రా అంటే కెమెరా చూసింది. చూసిందంతా ఎవురూ చెప్పరు గదా, మన వీధోళ్లు తప్ప."

ఆ మధ్యలోనే తెల్లచీర సంగతి వచ్చింది. మా ఇండ్లలో మొగుడు పోయినామె తెల్లచీర కట్టాలి. ఏడాది తిరిగినా ఈమె రంగుచీరలు వదలలేదని పెద్దలు నన్ను ముందుపెట్టి అడిగించారు. పెద్దలకు ఎప్పుడూ ఎదుటివాళ్లను అడగడానికి ఒక వదిన కావాలి. ఆమె కోపం తెచ్చుకోలేదు. "తెల్లచీర కట్టుకుని ఎదురుగా నిలబడితే ఆ తెలుపు ఫోటో తీయించుకునేవాళ్ల మొగం మీదికి కొడతాది. రంగుచీరైతే రంగు కొడతాది. పెద్దోళ్లు చెప్పింది కూడా సగం నిజమేలే" అని, మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని మదురై బస్సు ఎక్కింది.

ఫోటోగ్రాఫర్ల దగ్గర బూడిదరంగు అట్ట ఒకటి ఉంటుంది. దాంట్లో ఏ రంగూ కలిసి ఉండదు. ఫోటోలో అది ఒక మూల ఉంటే, కంప్యూటర్‌లో దానిమీద నొక్కి 'ఇది బూడిద' అని చెబితే చాలు, మిగిలిన రంగులన్నీ వాటి వాటి చోటికి పోతాయి. మదురైలో చీరల అంగడిలో ఆమె ఆ అట్టను సంచిలోంచి తీసి చీరల మీద పెట్టి పెట్టి చూసింది. అంగడివాడు అరవంలో, "అమ్మా, ఈ రంగు ఎవురూ అడగరు. దుఃఖంగా ఉంటాది" అన్నాడు. "దుఃఖం నాకు ఇంటికాడ ఉండాది నాయనా. నువ్వు రంగు చూపించు" అంది. ఒకే బూడిదరంగులో నాలుగు నూలుచీరలు కొన్నది. అప్పటినుంచి ఆమె కట్టిందంతా అవే. మీరు వైరాగ్యం అనుకున్నారు. పెద్దలు తాము గెలిచామనుకున్నారు. ఆమె, కొంగు చివర ఫోటోలో ఒక మూలకు పడితే చాలు, ఇక అట్ట మోయడం తప్పిందనుకుంది.

ఆమె ఏ తప్పూ చేయలేదని నేను చెప్పను. రా మీద మోజు పుట్టిన కొత్తలో అన్నీ అందులోనే తీసింది. నా మనవరాలి పెళ్లిలో, సరిగ్గా తాళి వేళకు కార్డు నిండిపోయింది. కొత్త కార్డు వేసేలోపల మేళం అయిపోయింది. పిల్ల మెడ వంచిన ఫోటో ఉంది, మెడ ఎత్తిన ఫోటో ఉంది. నడుమ ఏం జరిగిందో మదురై కోర్టులో కూడా రుజువు చేయలేం. ఆ మాట కనపడినప్పుడల్లా అన్నాను. "పడింది గదా ముడి, ఫోటో ఏంటికి? కాపరం చేస్తాండాది, చాలదా?" అనేది. కానీ అప్పటినుంచి ఆలోచించి ఎంచుకునేది. వేదిక మీద వరుసగా వచ్చి నిలబడేవాళ్లకు జేపెగ్. "అందురూ ఒకటే నవ్వు. చేతిలో పొట్లం మాత్రం మారతాది." పాస్‌పోర్టు ఫోటోకు జేపెగ్. "ఆఫీసోళ్లు మనిషిని చూడరు వదినే." ఆకుగుడిసెకు, ముసలివాళ్లకు, మాపటి వెలుతురుకు రా. తాళికి, వెలుతురు చూసుకునే మొదటి ఫోటోకు రెండూ ఒకేసారి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేది కాదు. సంబంధం చూసేవాళ్లకు పంపడానికి ఫోటో తీయించి, పిల్లను కొంచెం తెల్లగా చేయమని అడిగే తల్లులు మీలో చాలామంది ఉన్నారు. పేర్లు రాయను, మీకే తెలుసు. ఒకామెతో అంటుంటే నేను విన్నాను.

"అక్కా, మాప్పిళ్లె ఇంటికి పంపాల. కొంచెం కలర్ ఏత్తి పెట్టు."

"పెడతా. రేపు కాపరానికి పోయినాక దినమూ పొద్దున లేచి ఎవురు పూస్తారు ఆ కలరు? నువ్వు పోతావా?"

ఆ తల్లి వెళ్లిపోయాక ఆడబిడ్డ నాతో, "నల్లగా ఉండేదాన్ని నల్లగా తీసేదే కష్టం. తెల్లగా తీసేది ప్రతి సెల్లూ చేస్తాది" అంది. ఆ పిల్ల ఫోటో కంప్యూటర్ మీద ఉంది. చెంప మీద నలుపులో ఎరుపు, నుదుటి మీద నలుపులో నీలం. నలుపులో అన్ని రంగులు ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. మేమంతా నల్లవాళ్లమే అయినా.

ఇక బ్యానర్ దగ్గరికి వస్తాను. ఆమె పోయిన రోజే వీధి మొదట్లో కన్నీటి అంజలి బ్యానర్ కట్టారు. బ్యానర్ అంగడివాడు వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫోటోను పెద్దదిగా లాగి, వాడి అలవాటు ప్రకారం మొహాన్ని రోజాపువ్వు చేసి పెట్టాడు. ముడతలు లేవు. కళ్లద్దాలు ముక్కు మీద చేసిన గాట్లు లేవు. పక్క వీధి ముసలామె బ్యానర్ కింద నిలబడి నన్నే అడిగింది. "పాపం, ఎవురి కోడలమ్మా? చిన్న వయసు మాదిరి ఉండాదే."

ఆడబిడ్డ కొడుకు కోయంబత్తూరులో పంపుల కంపెనీలో పని చేస్తాడు. మంచివాడు. కర్మ అయిన సాయంత్రం, బ్యానర్ ఫోటోనే పటం కట్టించి పూజగదిలో పెడతానన్నాడు.

"ఆ పటానికి దండ వేసి నేను ఎవురిని తలుచుకోవాల?" అన్నాను.

"వేరేది లేదే అత్తా. అమ్మ అందరినీ తీసింది. అమ్మను ఎవురు తీసినారు?"

"నేను తీసినా."

నిజమే, తీశాను. పోయిన ఏడాది ఒక పెళ్లిలో. పిల్ల రాకముందు ఆకుగుడిసెలో వెలుతురు చూసుకోవడానికి ఆమె ఎప్పుడూ నన్నే కూర్చోబెట్టి ఒకటి తీసేది. ఆ రోజు తానే చాపమీద కూలబడి కెమెరా నా చేతికిచ్చింది. కాళ్లు లాగుతున్నాయని చెప్పలేదు.

"ఈ తూరి నువ్వు తీ వదినే."

"నా చేతులు వణుకుతాయి."

"వణకనీ. షట్టర్ వేగం పెంచి పెట్టినా, ఫోటో చెదరదు. నొక్కు."

"పెళ్లికూతురి చోట కూర్చున్నావే."

"ఎవురైనా వస్తే చెప్పు. సిద్ధంగానే ఉండా."

అప్పుడు నొక్కాను. ఆ మాట అన్న నోరు ఇంకా మూసుకోలేదు ఆ ఫోటోలో.

కొడుకు స్టూడియో కంప్యూటర్‌లో ఆ ఫోటో వెతికి తీశాడు. రెండు ఫైళ్లు ఉన్నాయి, ఒకే నంబరుతో. జేపెగ్ తెరిచాడు. మనిషి ఆకుపచ్చగా ఉంది. సెల్లులో వేసి సరిచేశాడు. పెదవులు నేరేడు పండ్లయ్యాయి. "చెడిపోయింది అత్తా, తీసేస్తా" అన్నాడు. నా జన్మలో నేను అంత గట్టిగా "వద్దు" అని ఎవరితోనూ అనలేదు, నా భర్తతో తప్ప. రెండో ఫైలు సెల్లులో తెరుచుకోలేదు. అదే కడగనిది. ఆమె కంప్యూటర్‌లో దాన్ని కడగడం మా ఇద్దరికీ రాదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాకిచ్చి, నెలాఖరు లోపల మంచి ఫోటో చేతికిస్తే దాన్నే కట్టిస్తానని, లేకపోతే బ్యానర్‌దే కట్టిస్తానని చెప్పి కోయంబత్తూరు పోయాడు. ఒకసారి గోడ ఎక్కిన పటాన్ని మన ఇండ్లలో ఎవరూ మార్చరు. మనవళ్లు, వాళ్ల పిల్లలు అంతా ఆ రోజాపువ్వుకే మొక్కుతారు.

నేనే పోదామంటే తుంటి ఎముక బస్సు మెట్లు ఎక్కనివ్వదు. పైగా రంగు తేల్చడానికి నేను పనికిరాను. ఒక కంటికి శుక్లం తీశారు, దాంట్లో లోకం నీలంగా ఉంది. ఇంకో కంటికి తీయలేదు, దాంట్లో పసుపుగా ఉంది. "నీకు రెండు కెమెరాలు ఉండాయి వదినే, ఒకదాని మాట ఒకటి వినదు" అనేది.

అందుకని మీతో పని పడింది. ఈ వారంలో ఆసుపత్రికో కాలేజీకో మదురై పోయేవాళ్లు ఎవరైనా, పోయేముందు మా ఇంటికి వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకోండి. కాఫీ ఇస్తాను. పెద్ద ఫోటో లాబ్‌కు పోండి, బ్యానర్ అంగడికి కాదు. వాట్సాప్‌లో పంపండి చాలు అని లాబ్‌వాడు అంటాడు, వినొద్దు. జేపెగ్ మీద చెయ్యి పెట్టనీయకండి, అదే నంబరుతో ఉన్న పెద్ద ఫైలు తెరవమనండి. తెరవగానే మొహం పచ్చగా కనిపిస్తుంది, భయపడకండి. ఆమె కట్టుకున్న చీర బూడిదరంగు. చీర మీద నొక్కి, ఇది బూడిద అని చెప్పమనండి. మిగిలింది చీర చూసుకుంటుంది. పచ్చ పోవాలి, నలుపు ఉండాలి. ముక్కు మీద గాట్లు ఉండాలి. నోరు తెరిచి ఉంది, మూయించకండి. భుజం మీద కొంగుకు ఒక కానుగాకు నీడ పడి ఉంటుంది. మచ్చ అనుకుని తుడవబోతాడు. తుడవొద్దని చెప్పండి.