ఇంటర్నెట్‌లో మా క్లినిక్ పేరు

ఈ రోజు పేషెంట్లను చూస్తుండగా, ఇంటర్నెట్‌లో క్లినిక్‌ల వివరాలు పెట్టే కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వివరాలు సరిచూడకపోతే అరకులోని మా క్లినిక్ పేరు తీసేస్తారట. ఈ మధ్య టూరిస్టులు అందులో నంబరు చూసే వస్తున్నారు కాబట్టి, అడగమన్నాను.

"డాక్టర్ రత్నరాజు గారేనా మేడమ్ చూసేది?"

"ఆయన లేరమ్మా. నేను చూస్తున్నాను."

"వేరే ఊరు వెళ్లిపోయారా?"

"చనిపోయారు. నేను ఆయన భార్యను. నేనూ డాక్టర్నే."

ఆ అమ్మాయి మెల్లగా, "సారీ మేడమ్. సార్ పేరు తీసేసి మీ పేరు పెట్టమంటారా?" అంది.

ఎదురుగా స్టూలు మీద బీపీ పట్టీతో కూర్చున్న ముసలమ్మ అంతా వింటోంది. "ఏటమ్మా, ఎవులు?" అని అడిగింది. చెప్పాను.

"బాబు పేరు తియ్యకమ్మా. రత్నరాజు బాబు ఆస్పత్రి అని సెప్పే కదా జీపెక్కుతాం."

క్లినిక్ పేరు ఆయనదే ఉంచి, డాక్టర్ పేరు దగ్గర నాది రాయమన్నాను. స్పెల్లింగ్ కూడా ఒక్కో అక్షరం చెప్పాను. ఫోన్ పెట్టేసి ముసలమ్మకు బీపీ చూసి మందు రాశాను.

సాయంత్రానికి మార్చేశారు. అరకులో అందరికీ తెలిసిన సంగతి ఇంటర్నెట్‌కు ఈ రోజు తెలిసింది.

మీరెవరైనా ఇలా మీవాళ్ల పేరు ఎక్కడైనా తీయించారా? అప్పుడు ఏడుపొచ్చిందా? నాకింకా రాలేదు.