పన్నెండు చీరలు, ఒకే తెలుపు

ఎండాకాలం మొదలవగానే గుంటూరు గాలికి ఘాటు వస్తుంది. మిరప యార్డు నుంచి వచ్చే బస్తాల లారీ మా బొటిక్ ముందు కాసేపు ఆగిందంటే చాలు, లోపల ఉన్నవాళ్ళం వరసగా తుమ్ముతాం. మొన్న ఒక పెళ్ళికూతురూ వాళ్ళమ్మా పట్టుగుడ్డ ఎంచుకుంటుంటే అలాగే జరిగింది. నేను తుమ్ముతూనే ఆ గుడ్డను ముక్కుకు ఆనించి గట్టిగా వాసన చూశాను. "అదేంటండీ, గుడ్డను కూరలాగా వాసన చూస్తున్నారు?" అని ఆ తల్లి నవ్వింది. అలవాటండీ అన్నాను. ఆ అలవాటు మస్తాన్‌బీ మేడమ్ దగ్గర నేర్చుకున్నది. ఆవిడ లేకపోతే నేను ఈపాటికి ఏదో బళ్ళో పిల్లలకి లెక్కలు తప్పు చెబుతూ ఉండేదాన్ని.

చిలకలూరిపేటలో ఒక విత్తనాల షాపు పైన రెండు గదులు, నాలుగు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి బల్ల. అదే ఆవిడ ఫ్యాషన్ డిజైనింగ్ సెంటర్. డిగ్రీ అయ్యాక నాన్నగారిని బతిమాలి అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన మా ఊరి చర్చి సంఘంలో పెద్ద. ఫ్యాషన్ అన్న మాట వింటే ఆయనకి లోకమూ సాతానూ ఒకేసారి గుర్తొచ్చేవి. కుర్చీ అంచున కూర్చుని, "మేడమ్ గారూ, ఇక్కడ ఆడపిల్లలకి ఏం నేర్పుతారండీ?" అని అడిగారు. మేడమ్ తలమీది ముసుగు సర్దుకుని, "ఒళ్ళు కప్పడం నేర్పుతానండీ," అన్నారు. ఆ జవాబు నాన్నగారికి నచ్చింది. అయినా మెట్లు దిగుతూ షరతు పెట్టారు. "సువార్తా, ఈస్టర్ దాకా చూస్తాను. ఆ రోజు గుడిలో పాటలు పాడే మన క్వయర్ ఆడవాళ్ళ బట్టలు నువ్వే తయారుచెయ్యి. సంఘం సంతోషిస్తే నేర్చుకో. లేదంటే నోరెత్తకుండా బి.ఎడ్.లో చేరాలి."

మొదటి రోజునే బొమ్మలు గీయిస్తారనుకున్నాను. మేడమ్ నాచేత మూడు ప్రశ్నలు వల్లె వేయించారు. ఎవరు కట్టుకుంటారు? ఎక్కడ కట్టుకుంటారు? కట్టుకుని ఏం చేస్తారు? వీటికి జవాబు దొరికాకే కాగితం మీద బొమ్మ. ఆ తర్వాత చవక మార్కిన్ గుడ్డతో నమూనా. దాన్ని మనిషికి తొడిగి చూశాకే అసలు గుడ్డ మీద కత్తెర. ఇంత తతంగం ఎందుకా అనిపించింది నాకు. ఏ పనైనా ప్రార్థన చేసి మొదలుపెడితే చక్కగా జరుగుతుందని చిన్నప్పటినుంచీ నమ్మినదాన్ని. అందుకే నా మొదటి జాకెట్టు గుడ్డ ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించి, నమూనా లేకుండానే కత్తిరించాను. ఆ ఆదివారం అది తొడుక్కుని గుడికి వెళ్ళి, స్తుతి సమయంలో రెండు చేతులూ పైకెత్తాను. రెండు చంకలూ ఒకేసారి పర్రున చిరిగాయి. ఆరాధన అయ్యేదాకా చేతులు దించి, ఒంటికి అంటించుకుని నిలబడ్డాను.

సోమవారం ఆ జాకెట్టు చూసి మేడమ్, "మీవాళ్ళు చేతులెత్తి ప్రార్థిస్తారని నాకు చెప్పలేదేం అమ్మాయ్?" అన్నారు.

"కత్తిరించే ముందు ప్రార్థన చేశానండీ," అన్నాను ఏడుపు గొంతుతో.

"చెయ్యి, మానొద్దు. నేనూ ఐదు పూటలా చేస్తాను. కళ్ళు తెరిచాక మాత్రం టేపు పట్టుకో."

నాకు రోషం వచ్చింది. మా లేఖనాల్లో యాజకుడి అంగీ గురించి ఎంత వివరంగా ఉందో ఆవిడకి చెప్పాను. ఏ నూలు వాడాలో, ఏ రంగులు కలపాలో, అంచు చుట్టూ దానిమ్మకాయలూ మధ్యమధ్య గంటలూ ఎలా కుట్టాలో అంతా దేవుడే చెప్పాడన్నాను. మేడమ్ మిషన్ ఆపి శ్రద్ధగా విన్నారు. "చూశావా, గుడ్డా రంగూ అంచూ అన్నీ ముందే చెప్పాడు. అదీ కస్టమర్ అంటే. మా పేటవాళ్ళు జాకెట్టు కుట్టేశాక చేతులు పొడుగు కావాలంటారు," అన్నారు. ఆ రోజునుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

రంగుల పాఠం ఇంకా కష్టం. ఎండుమిరపకాయ ఒకటి పచ్చటి ఆకు మీద పెట్టేవారు, తర్వాత చింతపండు పక్కన, తర్వాత పత్తి మీద. కాయ అదే, ఎరుపు మాత్రం ప్రతిసారీ మారేది. క్వయర్‌కి ఏ రంగు అనుకుంటున్నావని అడిగితే, "తెలుపండీ, అందులో నేర్చుకోవడానికేముంది?" అన్నాను. మేడమ్ ఆరు తెల్లగుడ్డ ముక్కలు తెచ్చి, నన్ను మెట్లమీదకి ఎండలోకి లాక్కెళ్ళి, వరసగా పరిచారు. ఒకటి పాలమీగడలా ఉంది, ఒకటి సున్నంలా, ఒకటి అప్పుడే విచ్చిన పత్తిలా. "ఇప్పుడు చెప్పు, తెలుపు ఏదీ?" నా వేలు ఒక ముక్కమీదనుంచి ఇంకో ముక్కమీదకి తిరిగింది. "మీ నాన్నగారి చొక్కా కూడా తెలుపు కాదమ్మాయ్. నీలిమందు ఎక్కువై ఆకాశంలా ఉంది. ఆయనకి చెప్పకు."

ఆ ఆదివారం నేను ప్రసంగం వినలేదు. క్వయర్‌లో పన్నెండు మంది, పన్నెండు రకాల తెలుపు. దేవుడికి క్షమాపణ చెప్పుకుంటూనే లెక్కపెట్టాను. నా పని ఏమిటో అప్పుడు తెలిసింది. పన్నెండు మందినీ ఒకే తెలుపులోకి తేవాలి.

నూలుచీరలు కొన్నాను. వాటి తెలుపులూ కలవలేదు. అన్నీ ఒకే టీ డికాషన్‌లో ముంచితే కలుస్తాయని మేడమ్ చెప్పారు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి పలావు వండే పెద్ద డేగిశా గుడినుంచి అడిగి తెచ్చి, పన్నెండూ ముంచి తీశాను. మీగడ తెలుపు, ఎంత బాగా వచ్చిందో! జాకెట్లకి ఈసారి నమూనాలు కుట్టి, అందరిచేతా చేతులెత్తించి మరీ చూశాను. ఇక చీరలు ఆరేయడానికి చోటు కావాలి. మా బాబాయి కల్లంలో ఆరబోసిన మిరపకాయలు అప్పుడే బస్తాలకెత్తారు. కాయల కింద పరిచిన పట్టాలు ఖాళీగా ఉన్నాయి. రెండుసార్లు చీపురుతో ఊడ్చి, వాటిమీద చీరలు పరిచాను. ఇస్త్రీ చేస్తుంటే తుమ్ములొచ్చాయి. మిరప కోతల కాలంలో మా ఊళ్ళో తుమ్మనిదెవరు? పట్టించుకోలేదు.

"ఒక చీర కట్టుకుని చూశావా?" అని మేడమ్ అడిగారు. భుజంమీద ఒక్క నిమిషం వేసుకున్నాను కాబట్టి, "చూశానండీ," అన్నాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఈస్టర్ ఉదయం క్వయర్ లేచి నిలబడగానే గుడంతా తలలెత్తి చూసింది. పన్నెండు మంది ఒకే తెలుపు. చేతులెత్తారు, ఒక్క కుట్టూ పోలేదు. నాన్నగారు ముందు వరసలోనుంచి వెనక్కి తిరిగి నా వైపు చూశారు. చివరి బెంచీలో మేడమ్ కూడా ఉన్నారు, నేనే పిలిచాను. మొదటి పాట అయింది. పాస్టర్‌గారు ప్రార్థించుకుందాం అన్నారు. మా ఆడవాళ్ళు ప్రార్థనలో తల కప్పుకోకుండా ఉండరు కదా! పన్నెండు మందీ కొంగులు తలమీదికి లాక్కున్నారు.

క్వయర్ నడిపించే సుగుణమ్మగారు ముందు తుమ్మారు. తర్వాత ఆవిడ పక్కావిడ. మూడో నిమిషానికి పన్నెండు మంది కళ్ళూ ధారలు కట్టాయి. పాస్టర్‌గారు ఒక కన్ను తెరిచి చూసి, పరిశుద్ధాత్మ కార్యం జరుగుతోందనుకుని ప్రార్థన పొడిగించారు. ఆయన పొడిగించేకొద్దీ వాళ్ళు ఏడ్చారు, వాళ్ళు ఏడ్చేకొద్దీ ఆయన పొడిగించారు. వాళ్ళని చూసి సంఘమంతా ఏడ్చింది. చివరి బెంచీలో మేడమ్ కొంగు నోట్లో కుక్కుకున్నారు.

బయటికొచ్చాక నాన్నగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత కదలిక నేనెప్పుడూ చూడలేదమ్మా. నువ్వు నేర్చుకో," అన్నారు. నాకు కావలసింది దొరికింది. ఇంతలో మేడమ్ వచ్చి సుగుణమ్మగారి కొంగు పట్టుకుని వాసన చూశారు. నన్ను పక్కకి పిలిచారు.

"అమ్మాయ్, వీటిని ఎక్కడ ఆరేశావ్?"

"మా బాబాయి కల్లంలోనండీ."

ఆవిడ గుడి మెట్లమీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వారు. "నిజం చెబితే నాకు బి.ఎడ్. మేడమ్," అన్నాను. నవ్వు ఆపి, "అది నీకూ నీ దేవుడికీ మధ్య సంగతి. కట్టుకుని ఏం చేస్తారన్న నా మూడో ప్రశ్నకి మాత్రం జవాబు సరిగ్గా రాసి తీసుకురా," అని వెళ్ళిపోయారు.

ఆ వారమంతా మోకరిస్తే మాట రాలేదు. కళ్ళు మూస్తే పన్నెండు కొంగులు. మరుసటి ఆదివారం, అందరూ తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "పోయిన ఆదివారం మీ అందరి కన్నీళ్ళకి కారణం మా బాబాయి మిరపకాయలు. చీర కట్టుకుని చూశానని మా మేడమ్‌తో చెప్పాను. అదీ నిజం కాదు," అని కూర్చున్నాను. పాస్టర్‌గారు గొంతు సవరించుకుని, "నేను చేసిన ప్రార్థన మాత్రం నిజమేనమ్మా," అన్నారు. అప్పుడు సుగుణమ్మగారు లేచారు. "మంట సంగతి అలా ఉంచండి. ముప్పై ఏళ్ళుగా పాడుతున్నాను. పన్నెండు మందిమి ఒక్కలాగా కనబడింది మొన్ననే. ఈసారి ఉతికి ఇమ్మనండి, చాలు." గుడి పగిలేలా నవ్వారు.

నాన్నగారు నవ్వలేదు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "రేపు పేట బస్సుకి త్వరగా బయల్దేరు," అన్నారు. నాకు అర్థం కాలేదు. "నీకు నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉందిగా," అన్నారు. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "నా చొక్కా తెలుపేనా?" అని అడిగారు. అబద్ధం చెప్పి అప్పటికే వారం రోజులు అనుభవించాను. "నీలం నాన్నగారూ," అన్నాను.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఆ ఆరు తెల్లగుడ్డ ముక్కలూ దారానికి కట్టి మా షాపు గుమ్మం దగ్గర, ఎండ పడేచోట వేలాడదీశాను. ఏ కొత్త డిజైన్‌కైనా ముందు ప్రార్థన చేస్తాను, కళ్ళు తెరిచి టేపు పట్టుకుంటాను. మొదటి నమూనా నేనే తొడుక్కుంటాను. కట్టుకునేవాళ్ళు చేసే పనులన్నీ చేస్తాను. పెళ్ళికూతురిదైతే వంగి తలంబ్రాలు పోసినట్టు, పంతులమ్మదైతే బోర్డుమీద రాసినట్టు. క్వయర్‌దైతే తలమీద కొంగు కప్పుకుని పాట మొత్తం పాడతాను. తుమ్ము రాకపోతేనే అసలు గుడ్డ మీద కత్తెర పెడతాను.