తాతయ్య కారు ఒంటికి పడిన ఆయిల్

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద ఒక కారుకు దక్కేది. మా ముత్తాత కొన్న నల్ల కారు అది. ముందు రెండు పెద్ద గుండ్రటి దీపాలు, తలుపు కింద ఎక్కడానికి మెట్టు, లోపల తోలు సీట్లు. మాది పటేళ్ల కుటుంబం. పొలాలూ పెద్దిల్లూ బొగ్గు గని కిందికి పోయాక గోదావరిఖనిలో రెండు గదుల ఇంటికి వచ్చాం. మా వంటిల్లు వానకు కురిసేది గాని కారు ఉండే రేకుల షెడ్డు కురిసేది కాదు. దీన్ని తప్పుపట్టే వాళ్లుంటారు. నేను పట్టను. కొన్ని ఇళ్లకు నిలబెట్టుకోవలసినవి కొన్ని ఉంటాయి.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. మా పక్కింటి కాక గనిలో పనిచేసేవాడు. ఆయన తండ్రి ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసిన మనిషి. కాకకు రిటైర్మెంటు దగ్గరపడింది. గని మనిషి చివరి డ్యూటీ చేసి పైకి వచ్చిన రోజున తోటివాళ్లు మెడనిండా దండలు వేసి, డప్పులు కొట్టించి ఇంటిదాకా ఊరేగింపుగా తీసుకురావడం మా దగ్గర ఆనవాయితీ. కొందరిని జీపులో తెస్తారు, కొందరిని ట్రాలీలో. కాక మాత్రం ఒకనాడు మా గడప ముందు నిలబడి తాతయ్యను కారు అడిగాడు.

"చిన్నప్పటి సంది మీ కారును నూకుడే నూకుడు పటేలా. అది ఆగినప్పుడల్లా మా నాయిన నన్నే ఉరికిచ్చేటోడు. ఒక్కనాడన్న లోపట కూసోలే. గా ఒక్క దినం కూసుంట."

తాతయ్య మీసం సవరించుకుని, "కూసో. నేనే నడుపుత" అన్నాడు.

"నడిమిట్ల ఆగితెనో?" అని లోపలి నుంచి మా బాపమ్మ అడిగింది. "దండలేసుకొని మళ్ల ఆయినే దిగి నూకాలె."

తాతయ్య అప్పటికే మాట ఇచ్చేశాడు. ఇక ఆ కారు ఆగకూడదు.

మర్నాడు ఇస్త్రీ ధోతి కట్టుకుని జ్యోతినగర్ వెళ్లాడు. కరెంటు ప్లాంటు ఇంజనీర్ల కొత్త కార్లకు ఇంజిన్ ఆయిల్ అమ్మే షాపు అక్కడ ఉండేది. మీ కారు ఏదని షాపువాడు అడగబోతే, "కారు సంగతి నీకెందుకయ్యా, అన్నిట్ల మంచిది ఇయ్యి" అన్నాడట. బంగారు రంగు డబ్బాలు రెండు ఇంటికి వచ్చాయి. అందులోని ఆయిల్ తేనె రంగులో, నీళ్లంత పలుచగా ఉంది. తాతయ్య ఊదుబత్తి వెలిగించి, ఒక డబ్బా తన చేతులతో ఇంజిన్లో పోశాడు.

ఆ సాయంత్రం కారు చౌరస్తా దాకా వెళ్లింది. వెనక నీలం రంగు పొగ, ఆ పొగ వెనక పిల్లలు. అక్కడే ఆగిపోయింది. షిఫ్టు దిగి వస్తున్న కాక టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, "అలవాటైన పనే గద పటేలా" అంటూ ఇంటిదాకా నూకుకొచ్చాడు. మిగిలిన ఆయిల్‌లో చాలా మటుకు తెల్లారేసరికి కారు కింద పెట్టిన పళ్లెంలోకి దిగింది. అరిగిపోయిన ఇంజిన్. సందులన్నీ వెడల్పయ్యాయి. అంత పలుచటి ఆయిల్ అందులో ఎట్లా నిలుస్తుంది?

బాపమ్మ ఆ పళ్లెం వంక చూస్తూ అంది. "పెద్దింట్ల ఉన్నప్పుడు డ్రైవర్ పోసేది గట్క లెక్క చిక్కగ ఉండేది. గిప్పుడు గసోంటిది ట్రాక్టర్లకు పోస్తున్నరు. ముసలిదానికి అలవాటైన తిండే పడ్తది. బిర్యానీ పెడ్తే అరుగుతదా?"

"పటేల్ కారు ట్రాక్టర్ ఆయిల్ తాగిందని ఖని అంత నవ్వాల్నా?" అని తాతయ్య కోపంగా లోపలి గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. ఆ తలుపు మూసుకున్నాడంటే మక్క గట్క, అదే పేదిళ్లలో వండుకునే మొక్కజొన్న రవ్వ సంకటి, తింటున్నాడని అర్థం. అన్నం మాత్రం తలుపు తీసి, నలుగురికీ కనబడేలా తినేవాడు. గట్క తిననిదే ఆయన కడుపు కుదుటపడేది కాదు. తలుపు కీచుమనగానే వాడకట్టు మొత్తానికి ఆ సంగతి తెలిసేది.

ఊరేగింపుకు ముందు రోజు మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా బాపమ్మ కాకతో ట్రాక్టర్ ఆయిల్ తెప్పించింది. రెండో బంగారు డబ్బాను గిన్నెలోకి వంపేసి, అందులో ఈ చిక్కటిది నింపింది. కాక కారు కిందికి దూరి మిగిలిన పలుచటి ఆయిల్ దించేశాడు. నా పని తాతయ్య గురక వినడం. అది ఆగితే దగ్గాలి. నాకు దగ్గవలసిన అవసరం రాలేదు.

సాయంత్రం తాతయ్య రెండో డబ్బా ఎత్తి వంచాడు. మొదటిది దూకినట్టు పడింది. ఇది బద్ధకంగా, తాడులా దిగింది. ఆయన చెయ్యి ఆగింది. డబ్బా మీది బొమ్మ చూశాడు, బియ్యంలో రాళ్లు ఏరుతున్న బాపమ్మను చూశాడు. "చలికి జరంత చిక్కబడ్డట్టుంది" అని తనే అన్నాడు. అది ఎండాకాలం.

మర్నాడు గని గేటు దగ్గర కాక దండలతో వెనక సీట్లో కూర్చున్నాడు. తాతయ్య పక్కన నేను. డప్పుల వెనక కారు నింపాదిగా కదిలింది, పొగ లేదు. మార్కెట్ దగ్గర ఎత్తు వచ్చింది. ఇంజిన్ గొంతు మారింది. నేను వెనక్కి తిరిగి చూస్తే కాక రెండు చేతులతో ముందు సీటును గట్టిగా నూకుతున్నాడు.

"కాకా, లోపట ఉన్నవు" అన్నాను.

"అగో, మర్శిపోయిన బిడ్డా" అన్నాడు గాని, ఎత్తు ఎక్కేదాకా చేతులు తియ్యలేదు.

కారు ఆగలేదు. కాక తన ఇంటి ముందు మెట్టు మీద కాలు పెట్టి, తన తండ్రి ఎన్నడూ ఎక్కని ఆ కారులోంచి నెమ్మదిగా దిగాడు. "ఇంజనీర్లు వాడే ఆయిల్!" అని తాతయ్య అందరికీ చెప్పాడు. "బంగారమే పటేలా" అని కాక కళ్లు తుడుచుకున్నాడు. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్లకు తాతయ్య నన్ను పిలిచి, కడిగి తుడిచిన బంగారు డబ్బా చేతిలో పెట్టాడు. "మీ బాపమ్మకియ్యి. పారెయ్యద్దను. వచ్చేసారి గూడ ఆయిల్ ఇందుట్లనే తెమ్మను." అని లోపలి గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. తలుపు చప్పుడు చెయ్యలేదు. దాని బందులకు బాపమ్మ ఏ ఆయిల్ పోసిందో ఆయన అడగలేదు.

ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా పెట్టేముందు దాని ఖరీదు చూడను, వాళ్ల ఒంటికి పడుతుందా అని చూస్తాను. ఆ తర్వాత, ఏ డబ్బాలో పెట్టి ఇస్తే తీసుకుంటారో అదీ చూస్తాను.